కాగితం ఎండేదాకా

“అరచెయ్యి కాదురా, వేళ్లు వెనక్కి తిప్పి ఆనించు. చల్లగా తగిలిందా? అయితే లోపల ఇంకా తడుంది. ఆగు.”

నీటిరంగుల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. 1974, కార్తీక మాసం. రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా ఎగువకి వెళ్లే లాంచీలో మా డ్రాయింగు మాస్టారూ నేనూ పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. దగ్గరి కొండ ముదురాకుపచ్చ, దాని వెనకది నీలం, ఆ వెనకది బూడిదరంగు, అంతకన్నా వెనకది కొండో ఆకాశమో తేలడం లేదు. నేను వెనక కొండ వేశాను. అది ఆరకముందే తొందరపడి ముందు కొండ కూడా వేసేశాను. రెండూ కలిసిపోయి ఒకటే మరక అయింది. మాస్టారు కోప్పడలేదు. “ఆ రెండు కొండల మధ్యా అరకోసెడు గాలి ఉందిరా అబ్బాయ్. దాన్ని నువ్వు తుడిచేశావు” అన్నారు.

తరవాత ముప్పై ఏళ్లకు పైగా నేనూ డ్రాయింగు మాస్టారుగానే పనిచేశాను. ఇప్పటికీ ఆదివారాలు నలుగురైదుగురు వస్తారు. వచ్చినవాళ్లు ముందు అడిగేది ఇంప్రెషనిస్టు పద్ధతిలో కొండలు వెయ్యడం నేర్పమనే. గబగబా నాలుగు బ్రష్షు దెబ్బలు వేస్తే కొండ వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. నూనెరంగుల్లో ఆ వేగానికి విలువుంది. నీటిరంగుల్లో మాత్రం వేగం సగమే, మిగతా సగం ఆగడం. ఆ ఆగడం ఎవరెవరి చేతుల్లో పెరిగి మా గోదావరి ఒడ్డుకి వచ్చిందో చెప్పకుండా నేను బ్రష్షు ముట్టుకోనివ్వను.

జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1490ల్లోనే ఆల్ప్స్ కొండల్ని నీటిరంగుల్లో వేశాడు. కానీ అది ఆయన ఒక్కడి దారిగానే మిగిలింది. కొండలకి నీటిరంగు వెయ్యడం ఒక చదువుగా, వృత్తిగా మారింది ఇంగ్లండులో, అదీ సైన్యం పనిగా. 1745లో స్కాట్లండు కొండవాసులు తిరగబడ్డప్పుడు ఆ కొండల్లో సైన్యాన్ని నడిపించడానికి సరైన పటాలే లేవు. తిరుగుబాటు అణిగాక 1747లో సైనిక సర్వే మొదలుపెట్టారు. అందులో పటాలు గీసే పనికి చేరినవాడు పాల్ శాండ్‌బీ. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఏ వాలు ఎంత నిటారుగా ఉందో బ్రష్షుతో నీడ పూసి చూపించడం ఆ ఉద్యోగం. ఆ చేతితోనే అతను కొండల్ని కొండల కోసం వెయ్యడం మొదలుపెట్టాడు. 1768 నుంచి వూలిచ్ సైనిక అకాడమీలో డ్రాయింగు మాస్టారుగా, ఫిరంగిదళంలో చేరబోయే కుర్రాళ్లకి పాఠం చెప్పాడు. మా వృత్తికి నేను చెప్పుకునే పెద్దతాత ఆయనే.

ఈస్టిండియా కంపెనీ కూడా తన సైనిక విద్యార్థుల కోసం 1809లో ఆడిస్కంబ్‌లో బడి పెట్టి డ్రాయింగు నేర్పించింది. అంతకు ముందే 1783లో మద్రాసు వచ్చిన కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతా కొలుస్తూ కొండలూ కోటలూ గుళ్లూ బొమ్మలు గీయించాడు. మెకంజీకి ఊళ్లూ శాసనాలూ విప్పి చెప్పిన కావలి బొర్రయ్య మన ఏలూరివాడు. మన కొండలకి పాశ్చాత్య పద్ధతి నీటిరంగు పూత తొలినాళ్లలో పడింది ఇలా సర్వే గొలుసుల పక్కన.

ఇక సరంజామా. బొమ్మ బాగా రాలేదని పిల్లలు తమ చేతిని తిట్టుకుంటారు. నేను ముందు కాగితం చూస్తాను. పాత ఐరోపా కాగితానికి అచ్చు జల్లెడ తీగల గీతలు పడేవి. రంగు పూస్తే ఆ గీతల్లో చేరేది. 1750ల్లో జేమ్స్ వాట్‌మన్ నేత జల్లెడ మీద గీతల్లేని నున్నటి కాగితం తీశాడు. 1757లో బాస్కర్‌విల్ అచ్చువేసిన వర్జిల్ కావ్యంలో ఆ రకం కాగితం మొదటిసారి లోకానికి కనిపించింది. పశువుల చర్మాలు ఉడికించి తీసిన జిగురు ఈ కాగితాలకి పట్టించేవారు. ఆ జిగురు వల్ల నీళ్లు చటుక్కున ఇంకవు, పైన కాసేపు నిలుస్తాయి. ఆ కాసేపట్లోనే మనం రంగుని నడిపించాలి.

ఆ జిగురు విలువ నాకు ఒక నష్టంతో తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు నెలలు డబ్బు కూడబెట్టి ఒక దుకాణంలో దిగుమతి కాగితం డజను షీట్లు కొన్నాను. వానాకాలాలు ఎన్ని చూసిందో ఆ కట్ట. పైకి తెల్లగానే ఉంది. తడి బ్రష్షు పెట్టగానే అక్కడక్కడ అద్దుడు కాగితంలా రంగు పీల్చేసి, ఆకాశమంతా నల్లటి బొట్లు తేలాయి. చెమ్మకి జిగురు చచ్చిపోయింది, బూజు తినేసింది. పన్నెండు షీట్లలో ఒక్కటీ పనికి రాలేదు. అప్పటినుంచి ఏ షీటయినా కొనేముందు మూలన ఒక నీటిచుక్క వేసి చూస్తాను. చుక్క గుండ్రంగా నిలబడితే తీసుకుంటాను. గోదావరి జిల్లాల్లో ఉండేవాళ్లు కాగితాన్ని బియ్యం కన్నా జాగ్రత్తగా దాచుకోవాలి.

రంగు సంగతి చూస్తే, అందులో ఉన్నది మనకి చిన్నప్పటినుంచీ తెలిసిన వస్తువే. రంగుపొడిని కాగితానికి అంటించి ఉంచేది తుమ్మజాతి చెట్టు బంక. ఆఫ్రికా నుంచి వచ్చే గమ్ అరబిక్‌కి మన నల్లతుమ్మ దగ్గరి చుట్టం. మా మాస్టారు ఆవకాయ జాడీ మూతలో తుమ్మబంక నానబెట్టి, గుడ్డలో వడగట్టి, ఎర్రమట్టి, కాటుక, నీలిమందు వేటికవే నూరి కలిపేవారు. రెండు చుక్కలు తేనె వేసేవారు, ఎండాక పెళ్లలు పెళ్లలుగా లేచిపోకుండా. విలియం రీవ్స్ అనే లండన్ రంగులవాడు బిళ్లల్లో తేనె కలిపాడని నేను చాలా ఏళ్ల తరవాత చదివాను. అంతకు ముందు రంగు బిళ్లలు రాళ్లలా గట్టిపడిపోతే అరగదీసుకోవలసి వచ్చేది. తడిబ్రష్షు తగలగానే కరిగే బిళ్లలు చేసినందుకు రీవ్స్‌కి 1781లో అక్కడి కళాపరిశ్రమల సంఘం వెండి బహుమతి ఇచ్చింది. ఆ బిళ్లలు జేబులో వేసుకుని చిత్రకారులు కొండలెక్కారు. 1841లో జాన్ రాండ్ రేకు ట్యూబు కనిపెట్టాడు, కొద్ది ఏళ్లకే నీటిరంగులూ ట్యూబుల్లోకి వచ్చేశాయి.

కొండకి అసలు కావలసింది నీలం. మధ్యలో ఎంత గాలి ఉంటే కొండ అంత నీలం. మా మాస్టారు మాట విప్పి చెబితే అంతే. పూర్వం ఆ నీలానికి నీలిమందు, లేదా అఫ్గనిస్తాన్ గనుల లాపిస్ లాజులి అనే నీలిరాయి. ఆ రాయి నూరిన పొడి బంగారంతో పోటీపడేది. 1700ల మొదట్లో బెర్లిన్‌లో ప్రష్యన్ నీలం దొరికింది, 1802లో ఫ్రాన్సులో థెనార్ కోబాల్టు నీలం చేశాడు, 1820ల్లో గిమే ఆ రాతి నీలాన్ని కొలిమిలో తయారుచేసే మార్గం పట్టాడు. నీలాలు ఇంత విరివిగా దొరకకపోతే కొండవెనక కొండ వెయ్యడం డబ్బున్నవాడి ముచ్చటగానే ఉండిపోయేది.

ఆ నీలాలతో కొండకి ఊపిరిపోసినవాడు ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్. ఫ్రాన్సుతో యుద్ధం ఆగి దారులు తెరుచుకున్న 1802లో మొదటిసారి ఆల్ప్స్ వెళ్లాడు. అక్కడినుంచి నాలుగు వందలకు పైగా చిత్తుబొమ్మలు తెచ్చుకున్నాడు. ఆయన పనితీరు గురించి ఒక సాటి చిత్రకారుడు చెప్పిన సంగతి నేను ప్రతి కొత్త విద్యార్థికీ చెబుతాను. టర్నర్ దగ్గర వెనక పిడి బిగించిన నాలుగు పలకలుండేవి. ఒక పలకకి కాగితం బిగించి, గీతలు గీసి, పిడి పట్టుకుని మొత్తం బాల్చీ నీళ్లలో ముంచేవాడు. తీసి, తడి మీదే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారించేవాడు. అది ఆరడానికి పక్కన పెట్టి రెండోదాన్ని ముంచేవాడు. తరవాత మూడోది, నాలుగోది. నాలుగోది అయ్యేసరికి మొదటిది తరవాతి పూతకి సిద్ధంగా ఉండేది. ఆయన వేగాన్ని అందరూ చెప్పుకుంటారు. ఒక్క కాగితం ముందు తొందరపడకుండా ఉండడానికి మరో మూడు కాగితాలు పెట్టుకున్నాడని నేను చెప్పుకుంటాను.

ఎండాక ఆయన గోరు అందుకునేవాడు. 1818లో ఫార్న్‌లీ అనే ఊళ్లో స్నేహితుడి ఇంట్లో యుద్ధనౌక బొమ్మ వేస్తుంటే ఆ ఇంటి కుర్రవాడు పక్కన కూర్చుని చూశాడు. పెంచుకున్న బొటనవేలి గోరు గద్ద గోరులా వాడి, కాగితాన్ని గీరి అలల నురగ తీశాడని అతను తరవాత చెప్పాడు. 1842లో వేసిన నీలి రిగీ బొమ్మలో వేగుచుక్క కూడా అలా గోకి తీసిన తెలుపే. ఆ చుక్క దగ్గర తెల్లరంగు లేదు, నీలం కింద దాగిన కాగితం ఉంది.

రిగీ అన్నది స్విట్జర్లాండులో లూసెర్న్ సరస్సు ఒడ్డున ఉన్న కొండ. సుమారు 1,800 మీటర్ల ఎత్తు. టర్నర్ సరస్సుకి ఇవతలి గట్టున సత్రంలో దిగి, పొద్దునొకలా సాయంత్రమొకలా దాన్ని చూశాడు. ఆ చిత్తుల్లోంచి 15 తీసి, 4 పూర్తి బొమ్మలు నమూనాగా వేసి, వాటిని చూపించి మిగతావాటికి బేరాలు తెమ్మని తన దళారి గ్రిఫిత్ చేతికిచ్చాడు. ఎరుపు రిగీ, నీలి రిగీ, చీకటి రిగీ ఆ ఏటివే. అంత పెద్ద చిత్రకారుడు అరవై ఆరేళ్ల వయసులో నమూనాలు పట్టుకుని కొనేవాళ్ల కోసం చూడవలసి వచ్చింది. నీలి రిగీ 2006 వేలంలో 58 లక్షల పౌండ్లు పలికింది. దేశం దాటిపోకుండా జనం దగ్గర విరాళాలు పోగుచేసి 2007లో టేట్ మ్యూజియం దాన్ని దక్కించుకుంది.

ఇక మా పిల్లలు అడిగే ఇంప్రెషనిస్టు పద్ధతి. 1874లో పారిస్‌లో నాదార్ ఫొటో స్టూడియోలో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శన జరిగింది. మోనే వేసిన సూర్యోదయం బొమ్మ అక్కడిదే. అందరూ నూనెరంగుల మాటే చెబుతారు గానీ బెర్త్ మోరిసో ఆ ప్రదర్శనలో నీటిరంగుల బొమ్మలు కూడా పెట్టింది. అక్కడే పాల్గొన్న ఇంకొకరు సెజాన్. నీటిరంగుల్లో కొండ నేర్చుకునేవాడు చివరికి చేరవలసింది ఆయన దగ్గరికే.

సెజాన్ కొండ దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్ పట్నం పక్కన ఉన్న సెంట్ విక్తువార్. 1,011 మీటర్ల సున్నపురాతి కొండ. 1902లో లోవ్ గుట్ట మీద స్టూడియో కట్టుకున్నాక, ఆ పైనుంచి దాన్నే మళ్లీ మళ్లీ వేశాడు. 1904లో ఎమీల్ బెర్నార్ అనే చిత్రకారుడు ఆయన్ని కలిసి, పక్కనుండి చూసిన పద్ధతి తరవాత రాశాడు. ముందు నీడతో మొదలు. ఒక మచ్చ. దాని అంచు దాటి రెండో మచ్చ. దాన్నీ దాటి మూడోది. ఇలా రంగు తెరలు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోతే, వాటి మధ్యనుంచే కొండ లేచేది.

ఇది చదివేటప్పటికే నాకు నలభై దాటాయి. ఒక స్నేహితుడు తెచ్చిచ్చిన పుస్తకంలో సెంట్ విక్తువార్ నీటిరంగు బొమ్మ నకలు మంచి ముద్రణలో దొరికింది. భూతద్దం పెట్టి నెల రోజులు చూశాను. శిఖరపు అంచు ఒక్క గీత కాదు. నీలం గీతలు నాలుగైదు, ఒకదానికొకటి కొంచెం ఎడంగా, ఏ ఒక్కటీ చివరిదాకా సాగకుండా. కింద లోయలో ఆకుపచ్చ మచ్చ మీద ఊదా మచ్చ సగం ఎక్కి కూర్చుంది. ఆ ఎక్కిన చోట అంచు కత్తితో కోసినట్టు ఉంది. తడి మీద తడి పడితే అంచు పాకిపోతుంది, కత్తిరించినట్టు నిలవదు. అంటే మొదటి మచ్చ పూర్తిగా ఎండేదాకా ఆ పెద్దాయన చెయ్యి ఎత్తి కూర్చున్నాడు. ప్రతి మచ్చకీ కూర్చున్నాడు. మా మాస్టారు లాంచీ మీద నా చేత చేయించిన పనే అది.

నకలు వెయ్యబోతే ఇంకోటి తెలిసింది. కాగితంలో చాలా భాగం ఆయన ముట్టుకోలేదు. నేను నింపేశాను, నా కొండ గోడలా తయారైంది. ఏడోసారికి సగం వదిలేస్తే ఎండ వచ్చింది.

1906 అక్టోబరులో బయట బొమ్మ వేసుకుంటుంటే పెద్ద వాన పట్టుకుంది. సెజాన్ తడిసి స్పృహతప్పి పడిపోతే చాకలి బండి మీద ఇంటికి చేర్చారు. వారం రోజులు తిరగ్గానే కన్నుమూశాడు. అరవై ఏడేళ్లు.

ఆ తరవాత మూడేళ్లకి, 1909లో, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఆస్వాల్డ్ కూల్డ్రే వచ్చాడు. ఇంగ్లండువాడు, కవి, నీటిరంగుల చిత్రకారుడు. గోదావరి ఒడ్డున తాను బొమ్మలు వేసుకుంటూ, ఆసక్తి ఉన్న కుర్రాళ్లని వెంట తిప్పుకున్నాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఇంకొక శిష్యుడు 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు. కూల్డ్రే ఈ పిల్లవాడి చెయ్యి చూసి 1916లో బొంబాయి జె.జె. కళాశాలకి పంపించాడు. దామెర్ల తిరిగి వచ్చాక మిత్రులతో కలిసి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. అప్పట్లో బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ బెంగాలు పద్ధతి నేర్పుతుండేవారు. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారుల ప్రభావంతో పెరిగిన పద్ధతి అది. వేసిన బొమ్మని నీళ్లలో తడిపి, ఆరబెట్టి, మళ్లీ పూత పూసేవారు. దామెర్ల దాన్ని గౌరవించాడు గానీ అందులోకి వెళ్లలేదు. మన ఎండ, మన మనుషుల ఒంటిరంగు, మన ఏరు ఎలా ఉన్నాయో అలా వేశాడు. ‘తూర్పు కనుమల్లో గోదావరి’ అని పేరు పెట్టి ఒక చిత్రం వేసిన తెలుగువాడు ఆయన. 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో పోయాడు. ఇరవై ఎనిమిది నిండలేదు. పనిచేయగలిగింది ఐదారేళ్లే. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. కళాశాలని మిత్రుడు వరదా వెంకటరత్నం చాలాకాలం నడిపారు.

లాంచీ ప్రయాణం అయిన వారానికి మా మాస్టారు నన్ను రాజమండ్రిలో దామెర్ల ఆర్టు గ్యాలరీకి తీసుకెళ్లారు. ఒక్కో బొమ్మ ముందూ నిలబెట్టి “ఇందులో ఏ పూత ముందు పడింది? ఎక్కడ ఆగాడు?” అని అడిగారు. బాగుందా అని ఒక్కసారీ అడగలేదు. నేను మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా అదే అడుగుతాను. దామెర్ల చూసిన గోదావరి ఇవాళ అలాగే లేదు. పోలవరం దగ్గర కాఫర్‌డ్యామ్ కట్టాక ఎగువన నీటిమట్టం పెరిగి ఇసుకతిన్నెలు మునిగాయి. ఆ కాలపు కొండా ఏరూ కొంతయినా మిగిలింది కాగితం మీదే.

ఆ కాగితమూ ఊరికే నిలవదు. నీటిరంగుని ఎండ తినేస్తుందా లేదా అని ఇంగ్లండులో పెద్ద వాదులాట జరిగి, చివరికి రసెల్, ఆబ్నీ అనే శాస్త్రజ్ఞుల చేత పరీక్షలు చేయించారు. 1888లో వాళ్లిచ్చిన నివేదిక చాలా రంగులు వెలుతురుకి వెలిసిపోతాయని తేల్చింది. ముందు పోయేవాటిలో మన నీలిమందు ఒకటి. ఆకాశంలో ఎరుపుతో కలిపిన నీలిమందు పోతే మిగిలేది ఎర్రటి మరక, కొండలో పోతే దూరమే పోతుంది. హెన్రీ వాన్ అనే ఆయన తన దగ్గరున్న టర్నర్ నీటిరంగుల్లో 38 బొమ్మల్ని ఎడింబరో గ్యాలరీకి రాసిస్తూ ఒక షరతు పెట్టాడు. వెలుతురు బాగా తక్కువగా ఉండే జనవరి నెలలో మాత్రమే, ఉచితంగా, అన్నీ కలిపి చూపించాలి. వందేళ్లు దాటినా ఆ ఆనవాయితీ సాగింది. అందుకే వాటిలో నీలం ఇంకా నీలంగానే ఉంది.

మన జిల్లాల్లో పాత ఇళ్ల గోడల మీద, పెళ్లికో గృహప్రవేశానికో డ్రాయింగు మాస్టార్లు వేసిచ్చిన గోదావరి బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. మా మాస్టారివి మూడు నేను అలాంటి ఇళ్లలోనే చూశాను. రెండింటిలో వెనక కొండ అప్పటికే వెలిసిపోయింది. మీ ఇంట్లో అటువంటిది ఉంటే కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీంచి తియ్యండి. చెమ్మ ఎక్కే గోడకీ, వంటింటి గోడకీ తగిలించకండి. ఫ్రేము వెనక అట్ట నల్లబడితే మార్పించండి, గాజు కాగితానికి ఆనకుండా మధ్యలో మందపాటి అట్ట పెట్టించండి. కింద మూలన వేసినవారి పేరు ఉంటే, ఏ ఊరి మాస్టారో మీ పెద్దవాళ్లనడిగి వెనక పెన్సిలుతో రాసి పెట్టండి.